చిన్న ఊరు, తోడేలు మనిషి: పదకొండో అధ్యాయం దాటాక భయం ఎందుకు చచ్చిపోతోంది?

చిత్తుప్రతి
నేను తోడేలు మనిషి నవల రాస్తున్నాను. చిన్న ఊరు, 28 అధ్యాయాలు, మొదటి ప్రతి పూర్తయింది. చదివినవాళ్లు ముగ్గురూ ఒకటే చెబుతున్నారు: పదో అధ్యాయం దాకా వదలకుండా చదివాం, పదకొండు దాటాక పేజీలు తిప్పేశాం.

వివరాలు ఇవి. ఊరి జనాభా 4,000. చుట్టూ అడవి, బయటికి ఒకటే రోడ్డు. కథ సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. నాలుగు పౌర్ణములు: సెప్టెంబరు 15, అక్టోబరు 15, నవంబరు 15, డిసెంబరు 15. మొత్తం తొమ్మిది చావులు. తోడేలు ఎవరంటే ఊరి పశువుల డాక్టరు. ఆ సంగతి పాఠకుడికి 11లో తెలుస్తుంది, ఊరికి 27లో. రూపం మారే సన్నివేశం నాలుగుసార్లు వస్తుంది, పౌర్ణమికి ఒకటి. చివర్లో వెండి గుండు, తోడేలు మనిషిని చంపేది అదొక్కటే అంటారు కదా.

గుట్టు ముందే విప్పడం వల్లే భయం పోయిందా? 11లో ఉన్నదాన్ని 24కి జరిపితే సరిపోతుందా?

రాత్రికాపలా
జరపాల్సిందే. "ఎవరు" అన్న ప్రశ్న పోయాక పాఠకుడి చేతిలో ఏం మిగిలింది? తర్వాతి పౌర్ణమి కోసం కూర్చోవడమే.

నల్లసిరా
వద్దు, జరపకండి. 24 దాకా దాస్తే అది డిటెక్టివ్ నవల అవుతుంది, భయం నవల కాదు. గుట్టు తెలిశాక కూడా భయం ఉండాలంటే ఆ మనిషి పగటిపూట ఎవరి గుమ్మం ఎక్కుతున్నాడో చూపించాలి. 12 నుంచి 26 దాకా ఆ డాక్టరు పగలు ఏం చేస్తున్నాడో ఒక్కసారి చెప్పండి.

చిత్తుప్రతి
నల్లసిరా గారూ, పగలు పెద్దగా లేడు. 12 నుంచి కథంతా పోలీసు వైపు నుంచి నడుస్తుంది. డాక్టరు పౌర్ణమి రాత్రుల్లోనే కనిపిస్తాడు.

నల్లసిరా
మీ జబ్బు అదే. పగటి మనిషి మాయమయ్యాక మిగిలింది జంతువొక్కటే. జంతువుని చూసి ఉలిక్కిపడతాం, అంతే. రోజూ పలకరించే మనిషిని చూసి వణకాలంటే ఆ మనిషి రోజూ కనిపించాలి కదా.

పాతకాగితం
నల్లసిరా గారి మాటకి నాలుగు వందల ఏళ్ల సాక్ష్యం ఉంది. 1589లో జర్మనీలో, కొలోన్ దగ్గర బెడ్‌బర్గ్ అనే ఊళ్లో పీటర్ స్టంప్ అనే రైతుని తోడేలుగా మారి మనుషుల్ని చంపాడని విచారించి చంపేశారు. చిత్రహింసల కింద రాబట్టిన ఒప్పుకోలు అది, కాబట్టి నిజానిజాలు పక్కన పెట్టండి. మరుసటి ఏడు లండన్‌లో ఆ కథ ఒక చిన్న పుస్తకంగా అచ్చయింది. అందులో అతన్ని తోడేలుగా మార్చే, దెయ్యం ఇచ్చిన నడికట్టూ ఉంది, వేటకుక్కలూ ఉన్నాయి. అన్నిటికన్నా గుండె జారే వాక్యం మాత్రం వేరు. అతను శుభ్రంగా బట్టలు కట్టుకుని వీధిలో నడిచి వెళుతుంటే, ఎవరి పిల్లల్ని, ఎవరి స్నేహితుల్ని చంపాడో వాళ్లే ఎదురొచ్చి నమస్కారం పెట్టేవారట.

మీ నవలకి ఆ వాక్యం 12వ అధ్యాయంలో కావాలి. మూడో శవం అంత్యక్రియల్లో డాక్టరు గారు ఆ తల్లి చెయ్యి పట్టుకుని నిలబడాలి.

రాత్రికాపలా
సరే, అది బాగుంది. అలాగైతే 11లో గుట్టు విప్పినా నిలబడుతుంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

పున్నమిలెక్క
మనిషి సంగతి మీరు చూసుకోండి, నేను తేదీల దగ్గర ఆగిపోయాను. సెప్టెంబరు 15, అక్టోబరు 15, నవంబరు 15, డిసెంబరు 15. ఇవి పౌర్ణములు కావు, జీతాల తేదీలు.

పౌర్ణమికి పౌర్ణమికి మధ్య సగటున 29.53 రోజులు. సెప్టెంబరు 15 రాత్రి పౌర్ణమి అయితే అక్టోబరు 14 రాత్రో 15 రాత్రో వస్తుంది, అక్కడిదాకా పరవాలేదు. తర్వాతది నవంబరు 13. ఆ తర్వాతది డిసెంబరు 12–13. అంటే మీ పతాక సన్నివేశం జరిగేసరికి చంద్రుడు రెండు రోజుల పైన తరిగిపోయాడు. అంతేకాదు, పౌర్ణమి తర్వాత చంద్రోదయం రోజుకి సగటున 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. డిసెంబరు 15న పొద్దుగూకిన చాలాసేపటికి గాని చంద్రుడు రాడు. మీ డాక్టరు చీకట్లో కూర్చుని ఎదురుచూడాలి.

ఇంకో తప్పు కూడా ఉండి ఉంటుంది, అందరూ చేసేదే. సాయంత్రం ఏడింటికి నిండు చంద్రుణ్ణి నడినెత్తిన పెడతారు. పౌర్ణమి నాడు చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. అటు పొద్దు గుంకుతుంటే ఇటు లేస్తాడు, నడిరాత్రికి అన్నిటికన్నా ఎత్తుకి వెళతాడు, తెల్లవారుతుంటే దిగిపోతాడు. అర్ధరాత్రి లేచేది సగం చంద్రుడు.

నల్లసిరా
పాఠకులు పంచాంగం పక్కన పెట్టుకుని చదవరండీ.

పున్నమిలెక్క
ఈ రకం నవల చదివేవాళ్లు చదువుతారు. చదవకపోయినా లెక్క నిజమైతే కథకి లాభం ఉంది, అది చెప్పనివ్వండి.

ఊరికే తేదీలు పెట్టకుండా ఒక నిజమైన ఏడాదిని ఎంచుకోండి. 2016 తీసుకుంటే గ్రీనిచ్ కాలం ప్రకారం పౌర్ణములు సెప్టెంబరు 16, అక్టోబరు 16, నవంబరు 14, డిసెంబరు 14. నవంబరు 14 నాటి నిండు చంద్రుడు 1948 తర్వాత భూమికి అంత దగ్గరగా వచ్చింది అప్పుడే. దూరంగా ఉన్నప్పటి పౌర్ణమితో పోలిస్తే ఇలా దగ్గరికొచ్చిన చంద్రుడు 14 శాతం దాకా పెద్దగా కనిపిస్తాడు. మీ మూడో పౌర్ణమే కథలో మలుపు అయితే అంతకన్నా ఏం కావాలి?

ఇక రాత్రి నిడివి. భూమధ్యరేఖకి ఉత్తరాన 45 డిగ్రీల దగ్గర మీ ఊరు ఉందనుకుంటే జూన్‌లో రాత్రి ఎనిమిది గంటల పైచిలుకు, డిసెంబరులో పదిహేను గంటలు. అలాంటి చోట డిసెంబరు పౌర్ణమి చంద్రుడు ఆకాశంలో చాలా ఎత్తున నడుస్తాడు, జూన్ చంద్రుడు కింద కిందనే పోతాడు. సెప్టెంబరులో మీ తోడేలుకి పన్నెండు గంటలు, డిసెంబరులో పదిహేను. ప్రతి నెలా దాని పని వేళలు పెరుగుతున్నాయి. ఈ సంగతి ఊళ్లో ఒక్కరికి తెలిస్తే చాలు, గోడ మీద క్యాలెండరే భయపెడుతుంది.

నల్లసిరా
ఇది ఒప్పుకుంటున్నా. రాత్రి పెరగడం బాగుంది.

కత్తెర
తొమ్మిది చావులు ఎక్కువ. ప్రపంచ సగటు చూస్తే ఏడాదికి వెయ్యిమందికి సుమారు ఎనిమిది మరణాలు. 4,000 మంది ఊళ్లో ఏడాదికి 32, నాలుగు నెలల్లో పదో పదకొండో. మీరు దాదాపు అన్నే హత్యలు అదనంగా పెట్టారు. నాలుగో శవానికే ఊరు ఖాళీ అవుతుంది, బయటి పోలీసు దిగుతుంది, విలేకరులు దిగుతారు. ఇక అది చిన్న ఊరు కథ కాదు.

ఐదు చాలు. అందులో మొదటిది ప్రమాదం అనుకోవాలి. రెండోది ఊరవతల, ఎవరికీ పెద్దగా తెలియని మనిషి. మూడోది అందరికీ తెలిసిన మనిషి. నాలుగోది తలుపులు వేసుకున్న ఇంట్లో. ఐదోది ఎవరో నేను చెప్పను, అది మీ కథ. కానీ ఆ ఐదో మనిషి ఒకటో అధ్యాయంలోనే కనిపించాలి.

శవపరీక్ష
కత్తెర గారు మొదటిది ప్రమాదం అనుకోవాలన్నారు, దానికి దారి ఉంది.

ఆరుబయట పడి ఉన్న శవాన్ని కుక్కలు, నక్కలు కొరకడం మామూలే. కాబట్టి పరీక్షించే డాక్టరు ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఈ గాట్లు ప్రాణం ఉండగా పడ్డవా, పోయాక పడ్డవా? బతికి ఉండగా పడిన గాయం అంచుల్లో రక్తం కండలోకి ఇంకి ఉంటుంది. చనిపోయాక పడినదైతే అంచులు పాలిపోయి, పసుపు తిరిగి, పొడిగా ఉంటాయి. మీ మొదటి శవం మీద రెండు రకాలూ ఉండాలి. తోడేలు మెడ పట్టుకుంది, అది ఒకటే గాయం. తర్వాత ఊరకుక్కలు వచ్చి మిగతా ఒళ్లంతా కొరికాయి, మెడతో సహా. ఊళ్లో మనుషుల డాక్టరు పాలిపోయిన గాట్లు చూసి "చలికి పడిపోయాడు, కుక్కలు పీక్కుతిన్నాయి" అని రాసేస్తాడు. మూడో శవం దాకా ఆ కాగితం అలాగే ఉంటుంది. తర్వాత ఎవరో ఫోటోలు తిరగేస్తారు, మెడ కింద ఒక్కచోట కండ నల్లగా ఉంటుంది.

సమయం విషయంలో కూడా జాగ్రత్త. శవం బిగుసుకోవడం చనిపోయిన రెండు నుంచి ఆరు గంటల్లో మొదలవుతుంది, పన్నెండు గంటలకి పూర్తవుతుంది, ఒకటి రెండు రోజుల్లో వదిలేస్తుంది. చలిలో ఇదంతా ఆలస్యమవుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మంచులో దొరికిన శవాన్ని చూసి ఎవరైనా "సరిగ్గా రాత్రి రెండింటికి చనిపోయాడు" అంటే నమ్మకండి, రాయకండి.

చిత్తుప్రతి
సరిగ్గా అదే వాక్యం 6వ అధ్యాయంలో ఉంది. తీసేస్తాను. తొమ్మిదిని ఐదు చేస్తే మధ్యలో అధ్యాయాలు ఖాళీ అవుతాయి, వాటిని దేనితో నింపాలి?

పాతకాగితం
తప్పుడు చావుతో. ఫ్రాన్స్‌లో జెవోదాన్ ప్రాంతంలో 1764 నుంచి 1767 దాకా ఒక మృగం సుమారు వంద మందిని చంపింది. 1765 సెప్టెంబరులో రాజుగారి వేటగాడు ఫ్రాన్స్వా ఆంత్వాన్ ఒక పెద్ద తోడేలుని కాల్చి చంపాడు. దాన్ని రాజుగారి కోట ఉన్న వెర్సాయ్ తీసుకెళ్లి ప్రదర్శించారు, పని అయిపోయిందన్నారు. డిసెంబరు వచ్చేసరికి దాడులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి రాజధాని పట్టించుకోలేదు, ఎందుకంటే మృగం అధికారికంగా చచ్చిపోయింది. 1767 జూన్ 19న ఝాన్ శాస్తెల్ అనే స్థానికుడు ఇంకో జంతువుని చంపాక గాని అది ఆగలేదు.

మీ రెండో పౌర్ణమి తర్వాత ఊరు ఒక మామూలు తోడేలుని చంపాలి. దాన్ని తూచి, ఫోటో తీసి, పండగ చేసుకోవాలి. నెల మధ్యలో చంద్రుడు లేని రోజుల్లో ఊరు నిద్రపోతుంది. 11లో గుట్టు తెలిసిన పాఠకుడు ఒక్కడికే నిద్ర ఉండదు. ఆ ఖాళీ అధ్యాయాలు నిండడానికి ఇది చాలు. పైగా చచ్చిన తోడేలుని పరీక్షించడానికి ఊళ్లో ఎవర్ని పిలుస్తారు? పశువుల డాక్టరునే.

రాత్రికాపలా
అమ్మో. ఆ ఒక్క సన్నివేశం కోసం పుస్తకం కొంటాను.

అడవిదారి
ఆ సన్నివేశం రాస్తే కొలతలు సరిగ్గా ఉండాలి. అడవి తోడేలు మగది మామూలుగా 30 నుంచి 50 కిలోలు. మీ డాక్టరు 75 కిలోల మనిషైతే, మారాక కూడా 75 కిలోలే అనుకోండి, అప్పటికే అది ఆ అడవిలో అన్నిటికన్నా పెద్ద తోడేలు. రెండొందల కిలోలు చెయ్యకండి, ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు.

అడుగు ముద్ర: మామూలు తోడేలు ముందు కాలిది 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు కనిపిస్తాయి. తోడేలు నడక పొదుపైన నడక: వెనక కాలు ముందు కాలి ముద్రలోనే పడుతుంది, జాడ తాడు లాగినట్టు తిన్నగా పోతుంది. కుక్క జాడ అటూ ఇటూ తిరుగుతుంది. మీ నవలలో పోలీసుకి ఇది చెప్పే మనిషి ఒకరు కావాలి. చంపిన తోడేలు పాదం 11 సెంటీమీటర్లు, మొదటి శవం దగ్గర బురదలో అచ్చు 14. ఆ మూడు సెంటీమీటర్ల తేడా ఒక్కరి నోట్‌బుక్కులోనే ఉండాలి.

అరుపు: అడవిలో పది కిలోమీటర్ల దాకా వినిపించవచ్చు. ఊరంతా వింటుంది, ఏ దిక్కో చెప్పలేరు. నిజం తోడేళ్లు చంద్రుణ్ణి చూసి అరవవు, ఒకదాన్నొకటి పిలుచుకోవడానికీ, ఇది మా చోటని చెప్పడానికీ అరుస్తాయి. మీ తోడేలు ఒంటరిది. దాని అరుపుకి అడవిలోని మందలేవీ బదులివ్వకపోవడం చూపించండి.

తిండి: పెద్ద తోడేలు ఒక్క పూటకి తొమ్మిది కిలోల దాకా మాంసం తినగలదు. మనిషి పొట్ట అంత పట్టదు. తెల్లవారి మనిషిగా మారిన క్షణం ఏమవుతుందో ఆలోచించండి.

కత్తెర
అది ఆధారం కూడా అవుతుంది. పౌర్ణమి మర్నాడు డాక్టరు పనిలోకి రాడు, కడుపు బాగాలేదంటాడు. మూడు నెలలు వరసగా. ఇంటి పక్కావిడ జాలిపడి మందు పంపిస్తుంది.

గీతలపుస్తకం
అందరూ పశువుల డాక్టరు బాగుందంటున్నారు. నాకు పెద్ద చిల్లు కనిపిస్తోంది. కుక్కలు ఊరుకుంటాయా? తోడేలు వాసన వచ్చే మనిషి దగ్గరికి ఊళ్లో జంతువులన్నీ రావాలి. మొదటి వారంలోనే దొరికిపోతాడు. వృత్తి మార్చండి.

రాత్రికాపలా
వృత్తి మారిస్తే పోయేది చాలా ఉంది. బట్టల మీద రక్తం, చేతుల మీద గీరుళ్లు, అర్ధరాత్రి బయట తిరగడం, బీరువాలో మత్తుమందు. ఇవన్నీ అనుమానం రాకుండా ఉండే పని ఊళ్లో అదొక్కటే.

అడవిదారి
చిల్లు పూడ్చవచ్చు. కుక్కలు మొరగకపోతే? బలమైనదాని ముందు కుక్క మొరగదు, లొంగిపోతుంది. చెవులు వెనక్కి అంటుకుంటాయి, తోక కాళ్ల మధ్యకి పోతుంది, వెల్లకిలా పడి పొట్ట చూపిస్తుంది, కొంచెం ఉచ్చ పోస్తుంది. ఊరివాళ్లకి అది వేరేలా కనిపిస్తుంది. ఎవర్నీ దగ్గరికి రానివ్వని కాపలా కుక్క డాక్టరు గారు గదిలోకి రాగానే బల్ల మీద వెల్లకిలా పడుకుంటుంది. సూది పడినా కదలదు. బల్ల అంచు నుంచి సన్నటి ధార నేల మీదికి కారుతుంటుంది. యజమాని నవ్వుతూ గుడ్డ తెచ్చి తుడుస్తాడు, "మీ హస్తవాసి అలాంటిది డాక్టరు గారూ" అంటాడు.

ఇది మూడో అధ్యాయంలో పెట్టండి. 11 దాకా మళ్లీ ఎత్తకండి.

గీతలపుస్తకం
చిల్లు పూడింది. ఒప్పుకున్నా.

నల్లసిరా
ఇంతకన్నా మంచి ఆధారం ఈ రకం కథకి దొరకదు. 11లో గుట్టు తెలిశాక పాఠకుడు వెనక్కి వెళ్లి మూడో అధ్యాయం మళ్లీ చదువుతాడు.

ఇక రూపం మారే సన్నివేశాలు. నాలుగు వద్దు, ఒకటే పూర్తిగా రాయండి, మూడు వందల మాటలు దాటకుండా. మిగతా మూడు తలుపు అవతలి చప్పుడు చాలు. రాసేదాంట్లో "ఎముకలు పటపట విరిగాయి, వెంట్రుకలు మొలిచాయి" వద్దు, అరిగిపోయింది. శరీరం తెలిసి రాయండి. మనిషికి 32 పళ్లు, తోడేలుకి 42. పది పళ్లు కొత్తగా రావాలి, దవడ సాగితేగాని చోటు లేదు. తోడేలు వేళ్ల మీద నడుస్తుంది. వెనక్కి వంగిన మోకాలిలా కనిపించేది నిజానికి మడమ. అంటే మడమ నేల వదిలి పైకి పోవాలి, పాదం పొడవు సాగాలి. మనిషి భుజాన్ని పట్టి ఉంచే మెడ కింది అడ్డ ఎముక (కాలర్‌బోన్) తోడేలుకి పనికొచ్చే పాటి లేదు, అది కరిగిపోతే భుజాలు ముందుకి జారతాయి. ఒక్కటి ఎంచుకుని దగ్గరగా చూపించండి. నేనైతే మడమ తీసుకుంటా: చెప్పు వేసుకుని నిలబడిన మనిషి, చెప్పుకీ మడమకీ మధ్య వెలుగు కనిపించడం మొదలవుతుంది.

శవపరీక్ష
కరిపించుకుని బతికిన పాత్ర ఉందా?

చిత్తుప్రతి
ఉంది. మూడో పౌర్ణమి నాడు పోలీసు చేతిని కరుస్తుంది. నాలుగో పౌర్ణమికి అతను మారతాడా లేదా అన్నది చివరి ఉత్కంఠ. ప్రస్తుతం ఆసుపత్రిలో కట్టు కట్టి పంపేస్తారు.

శవపరీక్ష
కట్టు కట్టి పంపరు. అడవి జంతువు కరిస్తే ముందు సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడుగుతారు, అదే రోజు గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే మందు) ఎక్కిస్తారు, టీకాలు మొదలుపెడతారు. పాత ఐదు మోతాదుల పద్ధతిలో టీకా రోజులు 0, 3, 7, 14, 28.

ఇప్పుడు పున్నమిలెక్క గారి 2016 పక్కన పెట్టి చూడండి. నవంబరు 14 రాత్రి కరిచింది. టీకాలు 14, 17, 21, 28, ఆఖరిది డిసెంబరు 12. రేబిస్ లక్షణాలు మామూలుగా రెండు మూడు నెలలకి గాని బయటపడవు, ఒక్కోసారి వారానికే రావచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు. లక్షణాలు వచ్చాక దాదాపు ఎవరూ బతకరు. కాబట్టి నెలంతా ఆ పోలీసు భయం రేబిస్ గురించే. రేబిస్ వస్తే నీళ్లు గొంతు దిగవు కదా, అందుకే నీళ్లు తాగిన ప్రతిసారీ గొంతు పరీక్షించుకుంటాడు.

పున్నమిలెక్క
శవపరీక్ష గారూ, మీకు తెలియకుండానే బంగారం ఇచ్చారు. నవంబరు 28 టీకా, మర్నాడు 29న అమావాస్య. డిసెంబరు 12 ఆఖరి టీకా, పౌర్ణమి గ్రీనిచ్ కాలం ప్రకారం 14 తెల్లవారకముందే, అంటే 13 రాత్రి. నర్సు "ఇక మీకు భయం లేదు" అని కార్డు మీద ఆఖరి గడి కొట్టేసిన మర్నాటి రాత్రి. టీకా కార్డే చంద్రుడి క్యాలెండరు.

కత్తెర
వెండి గుండు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎవరు పోస్తారు, దేనితో?

చిత్తుప్రతి
పోలీసు భార్య వంటింట్లో పాత వెండి చెంచాలు గ్యాస్ పొయ్యి మీద కరిగిస్తుంది.

కత్తెర
కరగవు. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, అది వంటింట్లో అవుతుంది. వెండి 962 డిగ్రీలు. చెంచాల్లో ఉండేది 92.5 శాతం వెండి, మిగతాది రాగి, అది కాస్త ముందు మెత్తబడినా 800 దాటాల్సిందే. లోహం కరిగించే మూసా, ఊదుగొట్టంతో రేపే గట్టి మంటా కావాలి, అంటే నగల పని తెలిసినవాళ్లు. దానికితోడు వెండి సీసం కన్నా గట్టిది, తేలికైనది, గురి కుదరదు. మీ పతాక సన్నివేశంలో గుండు యాభై గజాల నుంచి గుండెకి తగలకూడదు. గది అవతలి మూల నుంచి తగలాలి.

పాతకాగితం
గుండే వద్దంటాను. శాస్తెల్ వెండి గుండుతో కొట్టాడన్నది తర్వాత అల్లిన కథ. దానికన్నా చాలా పాతదీ, ఎవరూ వాడనిదీ ఇంకొకటుంది. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత పెట్రోనియస్ రాసిన కథలో ఒక సైనికుడు వెన్నెల్లో బట్టలు విప్పి తోడేలవుతాడు. ఆ తోడేలు మందమీద పడితే ఒక పనివాడు దాని మెడలో ఈటె దింపుతాడు. ఇంటికి వచ్చి చూస్తే సైనికుడు మంచం మీద ఉన్నాడు, వైద్యుడు మెడకి కట్టు కడుతున్నాడు. పన్నెండో శతాబ్దంలో మరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి రాసిన కథలో తోడేలుగా మారే భర్త బట్టల్ని భార్య మాయం చేయిస్తుంది, అవి దొరికేదాకా అతను మనిషి కాలేకపోతాడు.

గాయమూ, బట్టలూ. ఈ రెండూ చిన్న ఊరికి వెండి కన్నా బాగా అతుకుతాయి. ఎవరి భుజానికి కట్టుందో ఊరంతా చూస్తుంది, ఎవరి చొక్కా ఎక్కడ దొరికిందో ఊరంతా గుర్తుపడుతుంది.

రాత్రికాపలా
వెండి తీసేస్తే పాఠకులు మోసపోయామనుకుంటారు. నేను ఉంచమంటా.

నల్లసిరా
ఉంచండి, కానీ పనిచెయ్యనివ్వకండి. కాల్చాక అది ఆగుతుంది, పడదు.

కామాఫుల్‌స్టాప్
ఇంతసేపూ కథ గురించే మాట్లాడారు. భాష గురించి ఒక్కటి చెబుతాను, ఇది తెలుగులో రాసేవాళ్లకే దొరికిన వరం.

తెలుగు క్రియ చూడండి. మగవాడైతే "వచ్చాడు", మర్యాదకి "వచ్చారు", జంతువైతే "వచ్చింది". మనిషి ఎప్పుడు మృగమయ్యాడో చెప్పడానికి మీకు వెంట్రుకలూ గోళ్లూ అక్కర్లేదు, ఒక్క క్రియ మారిస్తే చాలు. "డాక్టరు గారు లేచారు. కిటికీ దగ్గరికి వెళ్లారు. చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పారు. వెనక్కి తిరిగింది." మూడు వాక్యాల మర్యాద, నాలుగో వాక్యంలో ఏమీ లేదు. చదివేవాడికి అచ్చుతప్పేమో అనిపిస్తుంది, అంతలోనే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకోటి. "వచ్చింది" ఆడమనిషికీ జంతువుకీ ఒకటే. కర్త చెప్పకపోయినా తెలుగు వాక్యం నడుస్తుంది. "తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. పొయ్యి దగ్గర ఆగింది. పిల్లాడి వైపు చూసింది." తల్లా? తోడేలా? మొదటి పది అధ్యాయాల్లో రాత్రి సన్నివేశాలన్నీ ఇలా రాసి, ఒక ఆడమనిషి మీదికి అనుమానం పోనివ్వండి. ఎక్కడా అబద్ధం చెప్పినట్టు కాదు.

"వేర్‌వుల్ఫ్" అన్న మాట మాత్రం పాత్రల నోట పెట్టకండి. పాత ఇంగ్లీషులో "వేర్" అంటే మగమనిషి, కాబట్టి "తోడేలు మనిషి" సరిగ్గా అదే అర్థం. అయినా ఊరివాళ్లు దాన్ని పేరుపెట్టి పిలవరు. "అది" అంటారు. చివరిదాకా "అది" చాలు.

నల్లసిరా
మూడు వందల మాటల మార్పు రాయమన్నాను. మీ నాలుగు వాక్యాలు చూశాక అది కూడా ఎక్కువే అనిపిస్తోంది.

గీతలపుస్తకం
ఆ అనుమానం పడే ఆడమనిషి బడి టీచరు అయితే? పిల్లలందరి ఇళ్లూ ఆమెకి తెలుసు.

చిత్తుప్రతి
టీచరు ఉంది, ఒకటో అధ్యాయంలోనే. ఐదో చావు ఆమెదే పెడుతున్నా. కత్తెర గారు చెప్పకుండా ఆపింది అదే అనుకుంటా.

మారుస్తున్నవి: ఏడాది 2016. చావులు ఐదు. రెండో పౌర్ణమి తర్వాత తప్పుడు తోడేలు, పరీక్షించేది డాక్టరే. మూడో అధ్యాయంలో బల్ల మీద కుక్క. గుట్టు 11లోనే ఉంటుంది, 12లో అంత్యక్రియలు. వెండి ఉంటుంది, పనిచెయ్యదు. భుజం గాయం పట్టిస్తుంది. టీకా కార్డు కొత్తగా వస్తుంది. రూపం మారడం ఒక్కసారే, క్రియతో.

ఒక్క అనుమానం మిగిలింది. 19వ అధ్యాయం తోడేలు కళ్లతో నడుస్తుంది. మంచులో టీచరు ఎర్ర శాలువా కనిపించి దాని వెంట పడుతుంది. అది ఉంచవచ్చా?

అడవిదారి
ఎరుపు దానికి కనిపించదు. కుక్క జాతికి నీలం, పసుపు తెలుస్తాయి. ఎరుపు మురికి పసుపులా, గోధుమలా ఉంటుంది. మంచు మీద రక్తం కూడా అంతే. వాసన పెట్టండి. కదలిక పెట్టండి. కొమ్మలు కదలకుండా ఉన్నచోట శాలువా కొస ఒక్కటే ఆడుతుండాలి.

చిత్తుప్రతి
మార్చాను. "మంచులో ఏదీ కదలడం లేదు. గోధుమరంగు గుడ్డ కొస ఒక్కటి కదిలింది. దాని కింద ఉన్ని, ఉన్ని కింద సుద్దపొడి, సుద్దపొడి కింద చెమట. ఆ చెమట తెలుసు. నిన్న మధ్యాహ్నం పిల్లి పిల్లని పట్టుకుని గదిలోకి వచ్చింది. ఆగింది. ఊపిరి బిగబట్టింది."

కామాఫుల్‌స్టాప్
"వచ్చింది" టీచరు, "ఆగింది" ఎవరో తెలియదు. అలాగే ఉంచండి, పేరు చేర్చకండి.